పిల్లల కథల యాప్‌కి మన ఊరు చెప్పాలి

పిల్లల పేరు కొడితే నిమిషంలో కథ తయారుచేసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు బోలెడు వచ్చాయి. పేరు, వయసు, పాపా బాబా, ఇష్టమైన జంతువు, ఏ నీతి కావాలి, ఈ నాలుగైదు గడులు నింపి బటన్ నొక్కితే చాలు. మొదటి రోజు తమ పేరు కథలో వినగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు, వారం తిరిగేసరికి "మళ్లీ కుందేలేనా" అని మొహం తిప్పుకుంటారు, ఇక అమ్మానాన్నలు ఈ యాప్ బాగాలేదని తీసేసి ఇంకోటి వేసుకుంటారు, అదీ అంతే. నన్నడిగితే ఇందులో యాప్ తప్పు సగమే. మనం గడుల్లో పెట్టిందే దానికి తెలుసు, మిగిలినదంతా అది ఎక్కువగా చదివిన కథల్లోంచి తెచ్చి పూరిస్తుంది, అది ఎక్కువగా చదివినవి ఇంగ్లిష్ కథలు. అందుకే నల్లగొండ పిల్లకి కూడా మంచు కురిసే ఊరు, చెట్టు తొర్రలో గుడ్లగూబ మాస్టారు, కొండ మీద కోట వస్తాయి. మే నెలలో కూలర్ ముందు కూర్చుని ఉన్నిటోపీ కథ వినాల్సి వస్తుంది.

దీన్ని దారిలో పెట్టడం కష్టమేమీ కాదు, కాకపోతే మనం కొంచెం ఎక్కువ టైప్ చెయ్యాలి.

అందరూ ఖాళీగా వదిలేసే గడి

దాదాపు ప్రతి యాప్‌లో కింద ఎక్కడో "ఇంకా ఏమైనా వివరాలు" అని ఒక గడి ఉంటుంది. పెట్టినా పెట్టకపోయినా పర్లేదు అన్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. అసలు పని జరిగేది అక్కడే. పైన ఉన్న గడులన్నీ కలిపి ఇచ్చేది "ఐదేళ్ల శ్రీజ, అడవి, స్నేహం" అంతే కదా, దానితో ఎవరు రాసినా అదే కథ వస్తుంది. ఆ కింది గడిలో ఇట్లా కొట్టి చూడండి:

"శ్రీజ నాయనమ్మతో కలిసి ఆటోలో మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి చూడటానికి పోయింది. అది చాలా పెద్ద మర్రిచెట్టు, ఊడలు నేలలోకి దిగి అవే మానుల్లా అయిపోయాయి. అసలు మాను ఏదో కనిపెట్టేదాకా ఇంటికి రానని శ్రీజ మొండికేసింది. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. అక్కడ ఒక ఉడుత ఉంది, అది మాట్లాడదు. కథ వాళ్లు మళ్లీ ఆటో ఎక్కడంతో ఆగిపోవాలి."

ఇందులో ఉన్నవి ఒక చోటు, ఒక మనిషి, పాపకి ఒక పంతం, దానికి ఒక అడ్డం. ఈ నాలుగూ ఉంటే కథ నడుస్తుంది. ఉడుత మాట్లాడదు అని చెప్పకపోతే అది తప్పకుండా మాట్లాడుతుంది, పైగా ఇద్దరికీ సలహాలిస్తుంది. కథ ఎక్కడ ఆగాలో చెప్పకపోతే అందరూ కౌగిలించుకుని, ఆ రోజు ఏం నేర్చుకున్నామో చెప్పుకుని, నక్షత్రాలు చూస్తూ నిద్రపోతారు. ప్రతిసారీ.

మన వైపు కథ పుట్టే చోట్లకి కరువు లేదు. ఆ పిల్లలమర్రినే తీసుకోండి, దాదాపు 700 ఏళ్ల చెట్టని, మూడెకరాల మేర పరుచుకుందని చెప్తారు. దానికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడ్డాయి, 2018లో చెదల మందు నీళ్లలో కలిపి సెలైన్ బాటిళ్లలో పోసి కొమ్మలకి వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. చెట్టుకి గ్లూకోజ్ పెట్టారంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? సూది ఎక్కడ గుచ్చారు, ఏడ్చిందా, పక్క మంచం ఎవరిది అని వంద ప్రశ్నలు. ఇలాంటి సంగతి మనం అందిస్తే తప్ప యాప్ తనంతట తాను తీసుకురాదు. నల్లగొండ వాళ్లకి పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో పొద్దంతా ఒకేచోట పడి ఉండే స్తంభం నీడ, సూర్యుడు కదిలినా అది కదలదు, అది ఏ స్తంభం నీడో కనిపెట్టమని ఎనిమిదేళ్ల పిల్లాడికి అప్పజెబితే డిటెక్టివ్ కథ తయారు. కురుమూర్తి జాతరలో స్వామికి ఉద్దాలు తెచ్చే ఉత్సవం ఉంటుంది, చిన్నవడ్డెమాన్‌లో తయారుచేసిన ఆ పెద్ద పాదుకలను ఊరేగింపుగా తెస్తారు, దేవుడి కాలు సైజు ఎవరు కొలిచారు అన్నదొక్కటి చాలు కథ మొదలుపెట్టడానికి. సాగర్ గేట్లు ఎత్తారని వార్త వచ్చిన రోజు, బాలానగర్ దగ్గర రోడ్డు మీద సీతాఫలం గంపలు, బత్తాయి లోడు లారీ, బతుకమ్మకి తంగేడు పూలు తేవడానికి గుట్టకి పోవడం. ఇవన్నీ ఒకే కథలో కుక్కొద్దు మరి. కథకొకటి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నిజమైన ఊరి పేరు, గుడి పేరు ఇస్తే యాప్‌కి ఉత్సాహం ఎక్కువై చరిత్ర కల్పిస్తుంది. ఫలానా మహారాజు ఫలానా సంవత్సరంలో ఈ చెట్టు నాటాడని, రాణి కల కన్నదని, చదివేవాళ్లకి అనుమానం రాకుండా రాసి పడేస్తుంది. పిల్లలు అది పోయి స్కూల్లో చెప్తారు. అందుకని చివర్లో "నేను చెప్పినవి తప్ప చరిత్ర, తేదీలు, రాజుల పేర్లు కలపొద్దు" అని ఒక వాక్యం పెట్టండి, పెట్టినా సరే పిల్లలకి వినిపించే ముందు ఒకసారి కళ్లతో చూసుకోండి. ఇది వదిలెయ్యొద్దు.

వయసు గడి గురించి కూడా. మూడేళ్లు అని పెట్టినా ఎనిమిదేళ్లు అని పెట్టినా చాలా యాప్‌లలో మాటలు మారతాయి కానీ కథ కట్టు మారదు. మూడేళ్ల వాళ్లకి తిరిగి తిరిగి వచ్చే మాట కావాలి: మేకపిల్ల మెడలో గంట పోయింది, ఒక్కో ఇంటి ముందుకి పోయి "నా గంట చూశారా" అని అడగాలి, ప్రతిచోటా అచ్చం అదే మాట, మూడో ఇంటికి వచ్చేసరికి పాపే ఆ మాట అందుకుంటుంది. ఐదారేళ్లకి ఒక చిక్కు ఉండాలి. ఎనిమిది దాటితే కొంచెం మోసం, కొంచెం భయం, నవ్వు ఉండాలి, పెద్దవాళ్లు ఒకసారైనా బోల్తా పడాలి. ఇది మీరే రాసివ్వాలి.

తెలుగు పలకాలంటే

భాష తెలుగు అని పెట్టగానే వచ్చేది పత్రికలో సంపాదకీయం లాంటి తెలుగు. "ఆమె అత్యంత ఆనందంతో పరుగులు తీసింది" అని ఉంటుంది, ఐదేళ్ల పిల్లకి అత్యంత ఎవరు అన్న సందేహం వస్తుంది. "ఇంట్లో మాట్లాడే తెలుగు, చిన్న చిన్న వాక్యాలు, ఒక వాక్యంలో ఒకటే పని" అని అడిగితే సగం నయమవుతుంది. మిగతా సగం మీరు చదివేటప్పుడు నోటితో మార్చేసుకోవచ్చు, తెర మీద ఉన్నదే చదవాలని రూలేం లేదు.

యాస సంగతి వేరే. "తెలంగాణ యాసలో రాయి" అన్నారనుకోండి, సినిమాలో కామెడీ క్యారెక్టర్‌కి రాసినట్టు వాక్యానికొక "గిట్ల", "గట్ల" చల్లి పెడుతుంది. అది ఎవరి మాటా కాదు. పాలమూరు (మహబూబ్‌నగర్) మాటకీ నల్లగొండ మాటకీ తేడా ఉంది, నారాయణపేట వైపు పోతే కన్నడం కలుస్తుంది, ఇదంతా యాప్‌కి తెలియదు. నేను చేసే పద్ధతి ఏమిటంటే కథ మామూలు తెలుగులోనే రాయించుకుని, నాయనమ్మ, తాత మాట్లాడే ముక్కలు మాత్రం మన నోట్లో ఉన్నట్టు నేనే దిద్దుకుంటా. నాలుగైదు మాటలు ముందే ఇచ్చి ఇవి వాడమని చెప్పడం కూడా పనిచేస్తుంది: బాపు, దూప, అంగడి, చెలక, దవాఖాన. వరసలు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇంట్లో అందరూ అంకుల్, ఆంటీ అయిపోతారు, మేనత్త కూడా ఆంటీనే.

పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టకండి. దీర్ఘం ఎక్కడుందో ఆ అక్షరాల్లో తెలియదు కాబట్టి చదివే గొంతు పిల్ల పేరునే తప్పు పలుకుతుంది, సొంత పేరు తప్పు పలికిన కథని ఏ పిల్లా క్షమించదు. తెలుగు లిపిలోనే పెట్టండి. ఇంకొకటి, తెలుగులో అడిగితే కథ పొట్టిగా వస్తోందని చాలామంది అనుకుంటారు, అది నిజమే చాలాసార్లు. వెనకాల కథ రాసే ఏఐ మోడళ్లు తెలుగు రాతని ఇంగ్లిష్ కంటే ఎక్కువ ముక్కలుగా విడగొట్టుకుంటాయి, ఒక కథకి ఇన్ని ముక్కలే అని హద్దు పెట్టి ఉంటే తెలుగు కథ మధ్యలోనే మూటగట్టేస్తుంది. అప్పుడు మొదటి భాగం ఒకసారి, రెండో భాగం ఇంకోసారి అడగండి. రెండోసారి మొదటి భాగం చివరి నాలుగు వాక్యాలు అతికించి "ఇక్కడి నుంచి" అంటే సరి.

బుద్ధి చెప్పే కథలు

అమ్మానాన్నలు ఈ యాప్‌లు వేసుకునేది ఎక్కువగా ఇందుకే, ఒప్పుకుందాం. అన్నం తినట్లేదు, పళ్లు తోముకోట్లేదు, తమ్ముణ్ని కొడుతోంది, ఒక కథ చెప్తే మారుతుందని. యాప్‌లు కూడా నీతి గడి పెట్టి ఊరిస్తాయి. దానిలో "కూరగాయలు తినాలి" అని పెడితే "శ్రీజ కూరగాయలు తినలేదు, కడుపు నొచ్చింది, తర్వాత తినడం మొదలుపెట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు" అని వస్తుంది. రెండో వాక్యానికే పాపకి అర్థమైపోతుంది, ఇది కథ కాదు, అమ్మ తిట్టే తిట్టే బొమ్మలతో వచ్చిందని. పైగా తన పేరు పెట్టి మరీ తిట్టారు.

పిల్ల పేరు తప్పు చేసినవాళ్లకి పెట్టొద్దు. సమస్యని ఇంకొకరి మీద వెయ్యండి. మేకపిల్లకి పశువుల దవాఖానలో సూది ఉంది, అది రానంటోంది, డాక్టర్ సారు వచ్చేలోపు శ్రీజ దాన్ని ఎట్లా ఒప్పిస్తుంది? ఇప్పుడు శ్రీజ పెద్దమనిషి అయింది, ధైర్యం చెప్పే మాటలన్నీ తన నోట్లోంచే వస్తాయి, మరుసటి రోజు టీకాకి పోయినప్పుడు ఆ మాటలు తనకే గుర్తొస్తాయి. ఇంకో మాట, ఇలాంటి కథలో "నొప్పే ఉండదు" అని రాస్తే కొట్టెయ్యండి. చీమ కుట్టినట్టు ఉంటుంది, కొంచెంసేపు ఉంటుంది, అని ఉన్నదున్నట్టు రాయించండి. ఒకసారి అబద్ధమని తేలిందంటే తర్వాత ఏ కథా నమ్మరు.

ఇంకో రకం ముందు ముందు జరగబోయేది వరసగా చెప్పే కథ, నా లెక్కలో యాప్ బాగా పనికొచ్చేది ఇక్కడే. పుట్టువెంట్రుకలు తీయించడానికి యాదగిరిగుట్టకో మన్యంకొండకో పోతున్నారు. అక్కడ పిల్లలు పెట్టే గోల అందరికీ తెలిసిందే. పోయే వారం ముందు, మీకు తెలిసిన వరస మొత్తం రాసివ్వండి: పొద్దున్నే లేవడం, కారులో వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూడటం, గుట్ట ఎక్కడం, చెప్పులు విడవడం, తల మీద చల్లటి నీళ్లు, గరగరమని శబ్దం, మేనమామ ఒళ్లో కూర్చోవడం, గంధం పూయడం, తర్వాత పులిహోర. ఇదంతా కథగా రెండు మూడుసార్లు విన్న పిల్లకి అక్కడ కొత్త అనిపించదు, "ఇప్పుడు నీళ్లు" అని తనే చెప్తుంది. అంగన్‌వాడీ మొదటి రోజుకి, ఇల్లు మారడానికి, అమ్మ కాన్పుకి పోయి వారం కనిపించకపోవడానికి, అన్నిటికీ ఇదే పద్ధతి. నీతి గడిలో మాత్రం "వద్దు" అని కొట్టండి. ఖాళీగా వదిలితే అదే ఒకటి తగిలిస్తుంది.

చదివేది ఎవరు

యాప్‌లో చదివి వినిపించే గొంతు ఉంటుంది, ఫోన్ చేతికిచ్చి మనం వంట చూసుకోవచ్చు. అప్పుడప్పుడు తప్పదు, కానీ రోజూ అదే అయితే యాప్‌కి కట్టే డబ్బులు దండగే. మన ఇళ్లలో కథ చెప్తుంటే పిల్లలు ఊ కొట్టాలి, ఊ ఆగిందంటే నిద్రపోయినట్టు, లేదా కథ పట్టుజారినట్టు, చెప్పేవాళ్లు వెంటనే పులినో దయ్యాన్నో దించుతారు. యాప్ గొంతుకి ఊ అక్కర్లేదు, పిల్ల లేచి పోయినా అది చదువుతూనే ఉంటుంది. అందుకని ఆ బటన్ ఆపేసి మీరే చదవండి, ఊ కొట్టించండి, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి "ఇప్పుడేం చేస్తుందంటావ్" అని అడిగి పాప ఏం చెప్తే దానికి ఇంకో మాట కలిపి పెద్దది చెయ్యండి. పాప "ఉరికింది" అంటే "ఆ, చెరువు కట్ట మీద ఉరికింది, చెప్పులు చేతిలో పట్టుకుని" అని మీరనాలి. మాటలు వచ్చేది ఇట్లనే. దీన్ని చదువుల వాళ్లు డయలాజిక్ రీడింగ్ అని పేరు పెట్టి 1980ల చివర్నించి పరిశీలిస్తున్నారు, మన ఊళ్లలో పేరు లేకుండానే నడిచింది.

ఎంతసేపు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద తెర గంటకి మించొద్దని, ఏడాది పిల్లలకి అసలు వద్దని. ఫోన్ మీ వైపు తిప్పుకుని మీరు చదివితే తెర చూసేది మీరే కదా. బొమ్మలు ఉన్న చోట మాత్రం చూపించండి.

పాలమూరు నుంచి పనికోసం హైదరాబాద్, ముంబై, పుణె పోయిన అమ్మానాన్నలు ఎంతమందో, పిల్లలు ఊళ్లో నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. కొన్ని యాప్‌లు మీ గొంతు కాసేపు రికార్డు చేసిస్తే ప్రతి కథా మీ గొంతుతోనే చదివిస్తామంటాయి. చూడ్డానికి వీళ్ల కోసమే చేసినట్టుంటుంది. నేనైతే వద్దంటాను, ఒకటి ఆ గొంతు ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లుంటుందో మన చేతిలో ఉండదు, రెండు ఆ గొంతు పాప ఇవాళ స్కూల్లో పడి మోకాలు గీరుకుందని తెలిసి చదవదు. మధ్యాహ్నం అన్నం తినే టైంలో కథ తెరిచి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో బాపు స్వయంగా చదివి పంపితే చాలు. వెనక లారీ హారన్ వినపడ్డా, మధ్యలో దగ్గినా ఏం కాదు. నాయనమ్మకి ఆ మెసేజ్ నొక్కడం వస్తే మిగతాది వాళ్లిద్దరూ చూసుకుంటారు.

నాయనమ్మ దగ్గర ఇంకో పని కూడా ఉంది. ఆమెకి చదువు రాకపోవచ్చు, కథలు మాత్రం ఉంటాయి. ఫోన్ కీబోర్డులో మైక్ బొమ్మ నొక్కి భాష తెలుగు పెట్టి ఆమెనే చెప్పనివ్వండి, అక్షరాలు పడుతుంటాయి, తప్పులు పడతాయి, పడనివ్వండి. ఆ ముద్దంతా యాప్ గడిలో అతికించి "జరిగినవి మార్చొద్దు, కొత్తవాళ్లని కలపొద్దు, వాక్యాలు మాత్రం సరిచెయ్యి" అని చెప్పండి. ఈ మాట చాలా గట్టిగా చెప్పాలి, లేదంటే నాయనమ్మ కథలో మేకని తినే పులి యాప్‌లోకి రాగానే శాకాహారి అయిపోయి మేకతో కలిసి తోట వేస్తుంది. పిల్లల యాప్‌లు చావు, కొట్లాట, తినెయ్యడం కనపడితే బెదిరిపోయేలా కట్టి ఉంటాయి, కొన్ని అసలు రాయనంటాయి కూడా. అట్లా అయితే మామూలు నోట్‌ప్యాడ్‌లోనే పెట్టుకోండి, పులి పులిలాగే ఉండాలి.

ఒక కాగితం రాసి పెట్టుకోండి

యాప్‌కి నిన్నటి కథ గుర్తుండదు, చాలావాటికి. నిన్న తెల్ల మేక ఇవాళ నల్ల మేక అవుతుంది, పిల్లలు వెంటనే పట్టుకుంటారు. కాబట్టి మీ కథల ఊరు ఒకటి నోట్స్‌లో రాసి పెట్టుకుని ప్రతిసారీ అదే అతికించండి. ఇట్లా:

శ్రీజ: ఐదేళ్లు, రెండు పిలకలు, పసుపు గౌను, చెప్పులు ఎప్పుడూ చేతిలో.
నాయనమ్మ: నీలం అంచు చీర, చేతికర్ర, మాట ముందు "ఆగాగు" అంటుంది.
లచ్చి: మేకపిల్ల, ఒక చెవి తెలుపు, మాట్లాడదు.
కాక: ఆర్టీసీ కండక్టర్, నాయనమ్మకి జీరో టికెట్ కొట్టిచ్చి సీటు కూడా ఇప్పిస్తాడు.
ఊరు: చెరువు, కట్ట, వేపచెట్టు, బస్సు రోజుకి రెండుసార్లు.

ఇదే కాగితం బొమ్మలకీ పనికొస్తుంది, అవే మాటలు ప్రతిసారీ ఇస్తే మొహం దాదాపు ఒకేలా వస్తుంది. చెప్పకపోతే మన ఊరి నాయనమ్మని పెళ్లికూతురిలా పట్టుచీర, నగలతో దింపుతుంది, తాతలందరికీ తలపాగా. బొమ్మలో తెలుగు అక్షరాలు అడగొద్దు, బోర్డు మీద ఒత్తులు చాలాసార్లు ఎక్కడపడితే అక్కడ వేలాడతాయి. అసలు నాకు నచ్చేది బొమ్మలు ఆపేసి కథ ఒక్కటే జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించడం, పేజీలో పైసగం ఖాళీగా ఉంచి. ఆ ఖాళీలో పాపే గీస్తుంది. మేకకి ఆరు కాళ్లు వస్తాయి, ఏం పోయింది.

యాప్ రోజుకొక కొత్త కథ తియ్యమని గంట కొడుతుంటుంది. పిల్లలకి రోజూ కొత్తది అక్కర్లేదు, కథ నచ్చిందంటే అదే మళ్లీ కావాలంటారు, అప్పుడు విసుగొచ్చేది మనకే. నచ్చిన కథ దాచుకుని అదే చదవండి, అదే తీరున చదవండి, ఒక మాట మారిస్తే వాళ్లే దిద్దుతారు. ఇంకొక సంగతి. ప్రతి కథలో తనే హీరో అయితే లోకమంతా తన చుట్టూనే తిరుగుతోందనుకుంటారు పిల్లలు, వేరేవాళ్ల కథలు కూడా వినాలి కదా. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు చాలా ఉన్నాయి, ఉచితం, బొమ్మలు మనుషులు గీసినవి, దించుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు. యాప్ కథ ఒకరోజు, అవి రెండు రోజులు, ఆ లెక్కన పోతే బాగుంటుంది.

డబ్బులు, వివరాలు

పిల్లల పూర్తి పేరు, స్కూల్ పేరు, ఇంటి అడ్రస్ కథకి అవసరం లేదు. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు చాలు, ఊరి పేరు కావాలంటే చుట్టుపక్కల ఏదో ఒకటి పెట్టండి. ఫొటో ఎక్కిస్తే పాప మొహంతోనే బొమ్మ వస్తుందని ఆశపెడతాయి, రెండు పిలకలు పసుపు గౌను అని రాస్తే కూడా పాప తననే చూసుకుంటుంది, ఫొటో వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల మీద నిఘా వెయ్యకూడదని, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదని ఉంది. అనుమతి ఇచ్చేది మీరే కాబట్టి దేనికి ఇస్తున్నారో అక్కడ ఆగి చదవండి, మైక్, కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే కథకి వీటితో ఏం పని అని చూసుకుని కాదనండి.

ఉచిత ట్రయల్ అని కార్డో యూపీఐ ఆటోపేనో అడుగుతారు. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ నొక్కి పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు ఉన్న చోట రద్దు చెయ్యాలి, నేరుగా యాప్ వాళ్లకే కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్టు తెరిచి అక్కడ ఆపాలి. ట్రయల్ అయిపోయే ముందు రోజుకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆపే ముందు పిల్లకి నచ్చిన కథలన్నీ కాపీ చేసుకునో పీడీఎఫ్‌గానో దించుకోండి, ఖాతా మూసేస్తే అవి కూడా పోవచ్చు, ఆ తర్వాత లచ్చి గంట కథ కావాలని ఏడిస్తే మీ జ్ఞాపకం మీదే చెప్పాలి.